కొత్తవారికి జవాబు చెప్పని తుపాకుల దుకాణం

విశాఖపట్నంలోని ఒక ఆయుధాల దుకాణంలో .177 బోర్, అంటే గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లున్న, స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొని కొన్నేళ్లుగా పది మీటర్ల గురి సాధనకు వాడుతున్నాను. స్ప్రింగు తోసిన పిస్టన్ గాలిని కుదించి, పెల్లెట్ అనే చిన్న గుండును బయటికి తోసే రకం ఇది. రైఫిల్ బాగానే ఉంది. నా ఫిర్యాదంతా దాన్ని అమ్మిన తీరు మీదే.

తుపాకి ఎన్నడూ పట్టనివారికి మొదట వచ్చే సందేహం లైసెన్సు గురించే. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోర్ .177ను, పెల్లెట్ శక్తి 20 జౌళ్లను మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు దాదాపు 280 మీటర్ల వేగంతో వెళ్తే ఆ హద్దుకు చేరుతుంది కాబట్టి, వేగం ఎంతో తెలుసుకుని కొనడం అవసరం. అదే అడిగితే “అందరూ పట్టుకెళ్తున్నారు కదండీ, మీకెందుకు అనుమానం?” అన్నారు. పెల్లెట్లలో తేడాలేమిటని అడిగినప్పుడు “తెలీకపోతే తెలిసినవాళ్లని తీసుకురండి” అని చెప్పి, అప్పుడే వచ్చిన పాత ఖాతాదారు వైపు తిరిగిపోయారు. కాగితపు గురికి చదునుమూతి పెల్లెట్ గుండ్రటి రంధ్రం చేస్తుంది కనుక అదే మేలన్న ఒక్క మాట చాలేది. దానికి బదులు మొనదేలిన పెల్లెట్లు చేతిలో పెట్టి, పిట్టలకు బాగా పనిచేస్తాయన్నారు. చిలుకను గాని కొంగను గాని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని అమ్మేవారికి తెలియదనుకోలేను.

అంతకన్నా బాధ కలిగించినది, ట్రిగ్గర్ ఎలా ఉంటుందో చూపించడానికి పెల్లెట్ పెట్టకుండానే మళ్లీ మళ్లీ పేల్చడం. స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ అడ్డు ఉంటేనే పిస్టన్ ముందు గాలి మెత్తలా నిలిచి దెబ్బను ఆపుతుంది. లేకపోతే పిస్టన్ నేరుగా గాలి గది చివరకు గుద్దుకుని, గాలి కారకుండా ఆపే సీలు, స్ప్రింగు పాడవుతాయి. లోపల వేయమని మామూలు యంత్రాల నూనె కూడా ఇచ్చారు. గాలి ఒక్కసారిగా కుదించుకున్నప్పుడు పుట్టే వేడికి ఆ నూనె అంటుకుని, రైఫిల్‌కే కాక పక్కనున్న మనిషికీ ప్రమాదం తెస్తుంది. ఈ రకం రైఫిల్‌ను బిగించి పట్టుకుంటే గురి చెదురుతుందని, వదులుగా ఆనించి పట్టాలని, మన సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా వాడిన ప్రతిసారీ పైన నూనెగుడ్డతో తుడవాలని ఒక శిక్షకుడు నేర్పారు. పెల్లెట్లు సీసంతో చేసినవి గనుక చేతులు కడుక్కోవాలని, గురి వెనుక పెల్లెట్‌ను ఆపే గట్టి అడ్డు, కళ్లకు అద్దాలు లేకుండా ఒక్క గుండూ పేల్చకూడదని చెప్పింది కూడా ఆయనే. దుకాణంలో భద్రత ప్రస్తావనే రాలేదు. పిల్లలున్న ఇంటికి పట్టుకెళ్లే వస్తువు గురించి ఈ మౌనాన్ని నేను క్షమించలేను.

తర్వాత సీలు అరిగి వేగం పడిపోయినప్పుడు అదే దుకాణానికి తీసుకెళ్లాను. తమ పని అమ్మడం వరకేనన్నారు. తయారీదారుకు పంపి సీలు మార్పించాక రైఫిల్ మళ్లీ నిలకడగా కొడుతోంది.

ఆ వీధిలో పెల్లెట్లు దొరికే చోటు వేరే లేనందున ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాను. లైసెన్సు హద్దు, ఖాళీగా పేల్చకూడదన్న హెచ్చరిక, నూనె రకం, వెనుక పెట్టవలసిన అడ్డు, ఈ నాలుగూ తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ప్రతి రైఫిల్‌తో ఇవ్వమని యజమానిని అడిగాను. చూద్దామన్నారు, ఆ కాగితం ఇంకా రాలేదు.