నీలం నోటు దెబ్బ

వియత్నాంలో అయిదు రోజులున్నాం. ఏం చూసొచ్చారని ఎవరడిగినా మా బావ ముందు టాక్సీవాడి సంగతే ఎత్తుతాడు. నిజం చెప్పాలంటే నేనూ అంతే.

బరంపురం దగ్గర మా ఇద్దరికీ కలిపి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. పిక్కలు కొట్టేవాళ్లు దొరకడం కష్టమై, అక్కడి కోత మెషిన్లు చూద్దామని 2024లో బయల్దేరాం. వీసాకి ఏజెంటు మనిషికి ఆరు వేలు చెప్పాడు. వాళ్ల ప్రభుత్వ సైటులో ఈ-వీసా 25 డాలర్లే. ఫోన్లో నేనే నింపేశాను, ఏజెంట్ల జోలికి పోకండి. భువనేశ్వర్, కలకత్తా మీదుగా హోచిమిన్ సిటీ చేరాం. దారిలో చెప్పుకోవడానికేం లేదు.

అక్కడి డబ్బు డాంగ్. అప్పట్లో 30 వేల డాంగ్ అంటే దాదాపు మన నూరు రూపాయలు. ఎయిర్‌పోర్టులో 300 డాలర్లు మారిస్తే 75 లక్షలు చేతికొచ్చాయి. "లక్షాధికారులమైపోయాంరా!" అని బావ మురిసిపోయాడు. ఆ మురిపెం గంట కూడా నిలవలేదు.

హోటల్ ముందు టాక్సీ ఆగింది. మొత్తం 1,80,000 అయింది. నేను 5 లక్షల నోటిచ్చాను. వాడు అటు తిరిగి ఇటు తిరిగాడు, చేతిలో 20 వేల నోటు పెట్టుకుని నువ్విచ్చింది ఇదీ అన్నట్టు చూపించాడు. రెండు నోట్లూ నీలమే, రెండూ ప్లాస్టిక్కే, రెండింటి మీదా వాళ్ల పెద్ద నాయకుడు హోచిమిన్ బొమ్మే. వెనక్కి తిప్పితే పెద్ద నోటు మీద ఆయన సొంతూరి ఇల్లు, చిన్నదాని మీద హోయాన్ అనే ఊరి వంతెన ఉంటాయి. చీకట్లో లగేజీ దించుకుంటూ ఎవడు తిప్పి చూస్తాడు? పొరపాటు నాదే అనుకుని ఆ 20 వేలు వెనక్కి తీసుకుని, మళ్లీ రెండు లక్షలిచ్చి చిల్లర తీసుకున్నాను. గదిలో లెక్క చూస్తే 4,80,000 తక్కువ! పదహారు వందల రూపాయలు!

"పదహారు వందలంటే రెండు కిలోల గుండు పప్పురా" అన్నాడు బావ. ఆ రాత్రే నాలుగుసార్లన్నాడు. గదికి కిటికీ లేదు కాబట్టి బయటికి చూసి మాట మార్చే వీలు కూడా లేదు. 1,800 రూపాయలకి గది చవకగా దొరికిందని సంబరపడి బుక్ చేసింది నేనే మరి. అక్కడ చవక గదులు చాలావాటికి కిటికీలుండవు, ముందే అడగండి.

మర్నాటి నుంచి గ్రాబ్ యాప్‌లోనే కారు పిలిచాం. ధర ముందే కనిపిస్తుంది, పేచీ ఉండదు. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుకి అదే దారిలో 1,30,000 అయింది.

రెండు రోజులు బిన్ ఫువాక్ అనే ప్రాంతం వైపు జీడి ఫ్యాక్టరీలకే సరిపోయాయి. దారంతా రబ్బరు తోటలు, మధ్యలో జీడి తోటలు. మెషిను పిక్కల్ని సైజు వారీగా జల్లించి కోసేస్తుంది. మా దగ్గర చేతులకి బూడిద రాసుకుని పిక్క కొట్టే ఆడవాళ్ల నల్లబడ్డ వేళ్లు గుర్తొచ్చాయి. మెషిన్ల బేరం ఇంకా తెగలేదు.

శనివారం వచ్చింది. ఆ రోజు బావ నీసు ముట్టడు. అక్కడేమో ఏ కూర చూసినా చేపల ఊట పోసినట్టే ఉంటుంది. అరటిపళ్లతో గడిపి, సాయంత్రం తలనొప్పితో ఓ చిన్న హోటల్లో "చాయ్, చాయ్" అని అడిగాడు. హోటలామె నవ్వుతూ తలూపి అన్నం, వేయించిన టోఫు, పుట్టగొడుగుల కూర, ఆకుకూర చారు తెచ్చిపెట్టింది. వాళ్ల భాషలో చాయ్ అంటే శాకాహారమట! టీ కావాలంటే ట్రా అనాలి. మనిషికి 35 వేలు, అంటే నూటపదిహేడు రూపాయలు. ఆ చారు రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

బావ హుషారుగా సంచిలోంచి బరంపురం అప్పడాలు తీసి, వేయించమని సైగ చేశాడు. ఆమె ఒకటి తీసుకుని నీళ్లలో ముంచి, అందులో ఆకులు చుట్టబోయింది. వాళ్ల బియ్యపు పొరల్ని అలాగే తడిపి చుడతారు. మన అప్పడం తడిగుడ్డలా వేలాడింది. రెండోది బావే వెళ్లి నూనెలో వేశాడు. అది పొంగుతుంటే ఆమె కూతుర్ని కేకేసి పిలిచింది. బావ అప్పడాల కట్టంతా వాళ్లకే ఇచ్చేసి, ఆ రాత్రి టాక్సీ మాటెత్తకుండా పడుకున్నాడు.

మీరు వెళ్తే మాత్రం 5 లక్షల నోట్లు వేరే జేబులో పెట్టుకోండి. ఇచ్చేటప్పుడు ఎంతిస్తున్నారో పైకి అనండి.

బరంపురంలో ఇంటి ముందు ఆటో దిగగానే బావ అయిదొందల నోటు పైకెత్తి పట్టుకున్నాడు. "చూసుకో, అయిదొందలు" అని ఓసారి తెలుగులో, ఓసారి ఒడియాలో గట్టిగా అన్నాడు. ఆటో అబ్బాయి మా వీధివాడే.