వరంగల్ వాటర్ సర్వీసింగ్: గన్ను పాస్, గుడ్డ ఫెయిల్

నాట్ల సీజన్‌లో పరకాల రోడ్డు మీదో నర్సంపేట రోడ్డు మీదో ఒకసారి పోయొస్తే చాలు. కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలాల్లోంచి రోడ్డెక్కించిన బురద డోర్ల కింది సగానికి గడ్డలు గడ్డలుగా పట్టేస్తుంది. ఎండాకాలమైతే దుబ్బ. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు పొడి. బకెట్టు, మగ్గుతో ఇది వదలదు కాబట్టి బండి నేరుగా వాటర్ సర్వీసింగ్‌కే పోతుంది. అక్కడ నీళ్ల ప్రెషర్ గన్ను పైకెత్తగానే ఓనరుకు వచ్చే అనుమానం ఒకటే: ఇంత ఫోర్సుకు పెయింటు లేచిపోదా?

కంపెనీ పెయింటు చెక్కుచెదరకుండా ఉంటే, గన్ను సరిగ్గా పట్టుకుంటే, లేవదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో మామూలుగా దొరికే సర్వీసింగ్‌ను ఏ పనికాపని విడదీసి చూస్తే మెషిన్‌కు మంచి మార్కులే పడతాయి. దాన్ని వాడే తీరుకు సగం మార్కులు. తర్వాత వచ్చే తుడుపుకు సున్నా ఇచ్చినా ఎక్కువే.

షాపుల్లో ఎక్కువగా ఉండేది 3 హెచ్‌పీ లేదా 5 హెచ్‌పీ మోటారుకు బెల్టు తగిలించిన మూడు పిస్టన్ల పంపు. అది ఎంత ప్రెషర్ ఇవ్వగలదో కాగితం మీదే తేల్చొచ్చు. పంపుకు అందే పవర్‌ను కిలోవాట్లలో తీసుకుని 600తో గుణించి, నిమిషానికి వచ్చే లీటర్లతో భాగిస్తే ప్రెషర్ బార్లలో వస్తుంది. 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు. బెల్టులో, పంపులో వృథా అయ్యేది పోగా 1.9 మిగిలిందనుకుంటే, నిమిషానికి 15 లీటర్లు పోసే పంపు 75 బార్ దగ్గర ఆగిపోతుంది. షాపుల్లో ప్రెషర్‌కు వాడే ఇంకో కొలత పీఎస్ఐ. ఒక బార్ 14.5 పీఎస్ఐ, అంటే మొత్తం 1100 పీఎస్ఐ లోపే. కారు పెయింటుకు 1200 నుంచి 1900 పీఎస్ఐ దాకా ఫర్వాలేదన్నది డీటెయిలింగ్ (కారును లోపలా బయటా మెరుగుపెట్టే పని) చేసేవాళ్లు సాధారణంగా పాటించే హద్దు. ఆ సౌండు, ఆ తుంపర చూసి భయపడతాం గానీ మెషిన్ హద్దులోనే ఉంది.

హద్దు దాటించేది దూరం. 100 బార్ దగ్గర నిమిషానికి 6 లీటర్లు వదిలే మెషిన్‌ను తీసుకోండి. నాజిల్ దగ్గర నీళ్ల వేగం సెకనుకు 140 మీటర్లు, కానీ ఆ ధార మొత్తం కలిపి తోసే బలం దాదాపు కిలోన్నర బరువుకు సమానం, అంతే. 40 డిగ్రీల నాజిల్‌ను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కిలోన్నర 22 సెంటీమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. అదే నాజిల్ 5 సెంటీమీటర్ల దగ్గరికి వస్తే ఆ పట్టీ మూడున్నర సెంటీమీటర్లకు ముడుచుకుపోతుంది, మందమూ సన్నబడుతుంది. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే దెబ్బ ఇరవై రెట్లకు పైనే పెరుగుతుంది. ప్రెషర్ వాషర్లు చేసే కార్చర్ కంపెనీ తన మాన్యువల్‌లో పెయింటు మీద కనీసం 30 సెంటీమీటర్ల దూరం పాటించమనడం ఊరికే కాదు.

ర్యాంపు మీద స్కేలు పట్టుకుని ఎవరూ కొలవరు కాబట్టి మన పాత కొలతలే నయం. మూరెడు దూరం క్షేమం. జానెడుకు వస్తే ఆపమనండి. బెత్తెడు అంటే పెయింటుతో పందెం కాసినట్టే. నాజిల్ రంగులు కూడా గుర్తుంచుకోవాలి: తెలుపు 40 డిగ్రీలు, ఆకుపచ్చ 25, పసుపు 15, ఎరుపు సున్నా. బాడీకి తెలుపు, చక్రాల గూళ్లకు ఆకుపచ్చ సరిపోతాయి. ఎరుపు కారు దగ్గరికే రాకూడదు. గిరగిరా తిరిగే టర్బో నాజిల్ కూడా అసలు ఎర్ర నాజిలే, కాకపోతే తిరుగుతుంది. అది గచ్చు కడగడానికి. చాలా షాపు గన్లలో నాజిల్ మార్చే పద్ధతే ఉండదు. పిడి తిప్పితే విసనకర్రలా పరుచుకునే ధార సూదిలా మారిపోతుంది. బురద వదలనప్పుడు షాపు పిల్లలు చేసేది ఇదే: ధారను సూది చేసి, గన్నును బెత్తెడు దూరానికి తెస్తారు. మరో రెండు నిమిషాలు నానబెడితే అదే బురద మామూలు ధారకు జారిపోతుంది. సర్వీసింగ్‌లో సగం మార్కులు పోయేది ఈ తొందర దగ్గరే.

ఇప్పుడు పెయింటు సంగతి. ఫ్యాక్టరీ పెయింటు అన్ని పొరలూ కలిపి 100 నుంచి 140 మైక్రాన్లు. పైన మెరిసే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా లేదు. అయినా ఓవెన్‌లో కాల్చింది కావడంతో రేకును గట్టిగా పట్టుకుని ఉంటుంది. నునుపుగా ఉన్న చోట నీళ్లకు పట్టు దొరకదు. నీళ్లకు కావాల్సింది అంచు. గ్రానైట్ లారీ వెనక పోతున్నప్పుడు బానెట్ ముందు భాగానికి రాయి తగిలి ఆవగింజంత చోట పెయింటు ఊడిందనుకోండి. కళ్లు దగ్గరపెట్టి చూస్తే ఆ గుంట చుట్టూ క్లియర్ కోట్ సన్నగా తెల్లబారి ఉంటుంది. అక్కడ కింద గాలి చేరింది. ఏటవాలుగా వచ్చిన సన్న ధార ఆ తెల్లటి అంచు కిందికి ఉలిలా దూరుతుంది. ఆవగింజ కాస్తా గోరంత అవుతుంది. సర్వీసింగ్‌కు ఇచ్చే ముందు బానెట్ ముందరి అంచు, వెనక చక్రాల ముందు భాగం, డోర్ల కింది అంచు గోరుతో మెల్లగా తడమండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడికి గన్ను వద్దని చూపించండి. టచప్ వేసి బాగా ఆరాక కడిగిస్తే ఇంకా మేలు.

రీపెయింట్ చేసిన బంపర్ మరీ ప్రమాదం. "సర్వీసింగ్‌కు ఇస్తే బంపర్ రంగు పీకేశారు" అన్న గొడవల్లో చాలావాటికి మూలం పెయింటింగ్ షెడ్డులోనే ఉంటుంది. ప్లాస్టిక్‌కు రంగు అంటాలంటే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పడాలి, దానికి ముందు ఎమరీ సరిగ్గా తిప్పాలి. ఈ రెండింట్లో ఏది ఎగ్గొట్టినా రంగు స్టిక్కరులా పైపైన కూర్చుంటుంది, గన్ను దాన్ని బయటపెడుతుంది, అంతే. లప్పం మందంగా పెట్టిన డోరు కూడా ఇలాంటిదే. లప్పం తేమను పీలుస్తుంది, పైన చిన్న పగులు ఉంటే చాలు, నీళ్లు చేరి పెయింటు బుడగలు లేస్తాయి. కొత్తగా రంగు వేయించిన ప్యానెల్‌ను కనీసం నెల దాకా ప్రెషర్ గన్నుకు ఇవ్వకండి. బయటికి ఆరినట్టు కనిపించినా లోపల థిన్నర్ ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది.

గన్నుతో అసలు ముట్టుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్ రెక్కలు చేత్తో వంచితే వంగేంత పలచన, దగ్గరి ధారకు వంగిపోతాయి, ఆపైన ఏసీ సరిగ్గా చల్లబడదు. పార్కింగ్ సెన్సర్లు, అద్దాల రబ్బరు అంచులు, పెయింటు మీద అంటించే పారదర్శక ఫిల్మ్ (పీపీఎఫ్) అంచులు, టైరు పక్క గోడలు, ఎలక్ట్రిక్ బండి ఛార్జింగ్ పోర్టు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. "ఇంజిన్ కూడా కొట్టాలా సార్?" అని అడుగుతారు. "వద్దు తమ్మీ" అనడమే. ఆల్టర్నేటరు, ఫ్యూజ్ బాక్సు, కనెక్టర్లు తడిస్తే వచ్చే బిల్లు ముందు సర్వీసింగ్ డబ్బు లెక్కలోకి రాదు.

ఇక గుడ్డ. నలుపు, ముదురు నీలం కార్లను రాత్రి పెట్రోల్ బంకు లైట్ల కింద చూడండి, సాలెగూడులా గుండ్రటి గీతలు మెరుస్తాయి. వాటికి గన్నుతో సంబంధం లేదు, గుడ్డే చేసింది. గ్రానైట్ పొడిలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేలుపై 7, మామూలు గాజుకన్నా గట్టిది. క్లియర్ కోట్ దాని ముందు వెన్నతో సమానం. ఫోమ్ కొట్టాక ఒకే స్పాంజితో టాపు రుద్ది, దాంతోనే డోరు కింద బురద రుద్ది, మళ్లీ అదే స్పాంజితో బానెట్ మీదికి వస్తారు. మధ్యలో కిందపడితే తీసి ఓసారి దులిపి పని కానిస్తారు. తుడిచే పాత గుడ్డ అంతకుముందు ఎన్ని బండ్లు తుడిచిందో దేవుడికే తెలియాలి. ఇక్కడ మాత్రం మొహమాటపడకండి. మీవే రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, చేతికి తొడుక్కుని రుద్దే వాష్ మిట్ ఒకటి తీసుకెళ్లండి. టాపు, అద్దాలు, బానెట్, డోర్ల పై సగం ముందు, డోర్ల కింది సగం చివర. చక్రాలకు వేరే బ్రష్షు. మిట్‌ను ప్రతి ప్యానెల్ తర్వాత శుభ్రమైన నీళ్ల బకెట్లో జాడించాలి. బండికి దుమ్ము మాత్రమే ఉంటే రుద్దొద్దని, ఫోమ్ కొట్టి గన్నుతో కడిగి వదిలేయమని చెప్పండి. కొద్దిగా పొర మిగిలినా గీతలకన్నా నయం.

ఫోమ్ మూడు, నాలుగు నిమిషాలు ఉండాలి, ఎండిపోకూడదు. ఏప్రిల్, మేలో మిట్టమధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెట్టలేని వేడి ఉన్నప్పుడు ఒక నిమిషానికే ఆరి మచ్చలు కడుతుంది. పొద్దున 8 లోపో సాయంత్రం 6 దాటాకో వెళ్లండి. కొందరు కార్ షాంపూ బదులు ఘాటైన డిటర్జెంటు కలుపుతారు. ఆ నురగ వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా జారుతూ ఉంటుంది, చెయ్యి కడుక్కున్నా ఆ జారుడు త్వరగా పోదు. అది క్షారం ఎక్కువన్న గుర్తు. వ్యాక్స్ వేయించిన బండికి అది తగిలితే వ్యాక్స్ డబ్బులు డ్రైనేజీలోకే. కింది భాగానికి డీజిల్ కొడతామంటే అసలు ఒప్పుకోవద్దు, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి.

మన దగ్గర నీళ్లూ ఒక సమస్యే. ఎక్కువ చోట్ల బోరు నీళ్లే, వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. ఎండలో ఆరనిస్తే నల్ల బానెట్ మీద తెల్ల చుక్కలు. తాజా చుక్కలకు వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ తడిపి రెండు నిమిషాలు అద్ది, వెంటనే షాంపూతో కడిగేస్తే పోతాయి. నెల తరబడి వదిలేసినవి పాలిష్ లేకుండా పోవు.

దసరా బండి పూజ తర్వాత పసుపు, కుంకుమ ఎండిపోయి ఉంటాయి. పొడిగుడ్డతో గీకితే కింద ఉన్న దుమ్ముతో కలిసి గీతలే. ముందు మూరెడు దూరం నుంచి నీళ్లు, తర్వాత షాంపూ. తెల్లబండికి పట్టిన పసుపు మరక ఇంకా మిగిలితే కంగారు పడకండి, పసుపు రంగు ఎండకు తనంతట తానే వెలుస్తుంది. మేడారం జాతర నుంచి వచ్చిన బండికైతే గుడ్డ తగిలే ముందు రెండుసార్లు ఫోమ్ పడాలి, పనిలో పనిగా ఏసీ ఫిల్టరూ దులపాలి.

ఇంటికే మెషిన్ కొనాలనుకుంటే 1400 నుంచి 1800 వాట్లది కారుకు సరిపోతుంది. పది నిమిషాల కడుగుడుకు 60 లీటర్ల నీళ్లే అవుతాయి, షాపు పంపుకు 150. కాకపోతే 1800 వాట్లంటే 8 ఆంపియర్ల దాకా లాగుతుంది, 6 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే ప్లగ్గు కాలుతుంది, 16 ఆంపియర్లది కావాలి. బకెట్లోంచి పీల్చేది తీసుకుంటే ఇన్‌లెట్ ఫిల్టరు తప్పనిసరి. బోరు నీళ్ల ఇసుక పంపు సీళ్లను త్వరగా తినేస్తుంది. నల్లాకు తగిలించేదైతే మోటారు ఆన్ చేసే ముందు గన్ను నొక్కి పైపులో గాలి పోయి నీళ్లు సాఫీగా వచ్చేదాకా ఆగాలి.

బండి తీసుకునేటప్పుడు పైసలిచ్చే ముందు ఎండలోకి తెచ్చి, గోరుతో చూపించిన అంచులను మళ్లీ ఒకసారి చూడండి. మిర్రర్ల కింద, పెట్రోల్ మూత లోపల నిలిచిన నీళ్లను గాలి గన్నుతో ఊదించండి. గేటు దాటాక మొదటి రెండు మూడు వందల మీటర్లు నెమ్మదిగా పోతూ బ్రేకును నాలుగైదుసార్లు తేలిగ్గా తొక్కండి, డిస్కులు ఆరతాయి. తడి డ్రమ్ములతోనే ఇంటికి తెచ్చి హ్యాండ్‌బ్రేక్ లాగి నాలుగు రోజులు పెడితే షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటాయి.