కాలిఫోర్నియా కొండల్లో అడవిపందికి రాగి తూటా: .308లో ఏళ్ళ తరబడి వాడాక

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి తుపాకీతో ఏ జంతువుని వేటాడినా సీసం లేని తూటాయే వాడాలి. సొంత భూమైనా ప్రభుత్వ భూమైనా ఒకటే. వేటగాళ్ళు వదిలేసిన పేగుల కుప్పలు తిని కాండోర్ రాబందులు సీసం విషంతో చస్తున్నాయని వచ్చిన నిబంధన ఇది. ఆ పక్షులు తిరిగే ప్రాంతాల్లో 2008 నుంచే అమల్లో ఉంది. అందుకే రాగా సీసమా అన్న వాదన ఇక్కడ వృథా. లాస్ పాడ్రెస్ నేషనల్ ఫారెస్ట్ లాంటి నిటారు కొండల్లో .308 విన్‌చెస్టర్ తూటా వేసే బోల్ట్ రైఫిల్‌తో నేను వాడింది 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) పూర్తి రాగి బుల్లెట్, మొనకి పాలిమర్ ముక్క ఉన్న రకం. మంచి సరుకే. కాకపోతే సీసం తూటాకి అలవాటైన చోటే గురిపెట్టేవాళ్ళు దీన్ని తిట్టుకుంటారు.

ఎందుకంటే సీసం గుండు లోపల విచ్చుకుని ముక్కలై ఊపిరితిత్తుల నిండా చెదురుతుంది. గురి కాస్త తప్పినా ఆ ముక్కలు కొంత కాపాడతాయి. రాగి అలా చెదరదు. ముందుభాగం రేకులుగా విచ్చుకుని, వెడల్పు దాదాపు రెండింతలై, బరువు ఇంచుమించు అంతా నిలుపుకుని అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. లోతు ఎక్కువ, గాయం వెడల్పు తక్కువ. జింకకి అలవాటైన చెయ్యి జబ్బ వెనక కొడుతుంది. పందికి గుండె, ఊపిరితిత్తులు ముందుకీ కిందికీ, ముందుకాళ్ళ మధ్య ఉంటాయి. జబ్బ వెనక నాలుగు వేళ్ళు జరిగితే తగిలేది కాలేయం, ఇంకా వెనకైతే పేగులు. పంది పరుగెడుతుంది. కొవ్వూ ముతక వెంట్రుకలూ నెత్తురు పీల్చేస్తాయి కాబట్టి జాడ సరిగా పడదు. చదును పొలంలో అయితే వెతికి పట్టుకోవచ్చు. ఇక్కడ అది నేరుగా లోయలోకి, చమీస్, మాంజనీటా తుప్పల్లోకి దిగుతుంది. మనిషి దూరాలంటే పాకాలి. పైగా పాయిజన్ ఓక్ ఒకటి, ఒంటికి తగిలితే వారాల తరబడి దురద.

కాబట్టి కొండ మీద లెక్క వేరు. పంది నిలబడ్డచోటే కూలాలి, అంటే రెండు జబ్బలూ విరగాలి. పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి మధ్యగీత వెంట పైకి వెళ్ళి, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడోవంతు దగ్గర గురిపెట్టండి. ముదురు మగపందికి జబ్బల మీద అంగుళం దాకా గట్టి పీచు కవచం ఉంటుంది. మెత్తటి సీసం గుండు దాని మీదే విచ్చుకుపోయే ప్రమాదం ఉంది. రాగికి ఆ బాధ లేదు, కవచాన్నీ ఎముకనీ చీల్చుకుని పోతుంది. ఈ తూటాకి అసలు విలువ అక్కడే. జబ్బ మాంసం కొంత పాడవుతుంది, నిజమే. కానీ సీసం ముక్కలు ఎక్కడెక్కడ పడ్డాయోనని భయపడి గాయం చుట్టూ కోసి పారేసే పని లేదు. లోయ అడుగు నుంచి నలభై కిలోల మాంసం వీపున మోసేవాళ్ళకి జబ్బలో కొంత పోవడం చవక బేరమే.

రాగికి వేగం కావాలి. చాలా రకాలు సెకనుకి 1,800 నుంచి 2,000 అడుగుల కంటే నెమ్మదిగా తగిలితే సరిగా విచ్చుకోవు. పెన్సిల్‌తో పొడిచినట్టు సన్నటి రంధ్రం చేసి పోతాయి. ఫ్యాక్టరీ తూటా 150 గ్రెయిన్లకి సెకనుకి 2,820 అడుగులని రాస్తారు, కానీ అది 24 అంగుళాల బ్యారెల్ లెక్క. 18 అంగుళాల బ్యారెల్‌లో ఆ వేగం వంద అడుగులకి పైగానే తగ్గుతుంది. పొట్టి బ్యారెల్ ఉంటే 250 గజాలు దాటి కొట్టకండి. బరువైన గుండు మంచిదన్న సీసం రోజుల సూత్రం కూడా ఇక్కడ తిరగబడుతుంది. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి గుండు పొడుగవుతుంది. 1:12 మెలిక (లోపలి గాడులు 12 అంగుళాలకి ఒక చుట్టు తిరగడం) ఉన్న పాత బ్యారెళ్ళలో 180 గ్రెయిన్ల రాగి గుండు నిలకడగా తిరగకపోవచ్చు. 150 దగ్గరే ఆగండి.

జీరో, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా సైటు సరిచేసే దూరం, 200 గజాలకి పెడితే 100 దగ్గర రెండంగుళాలలోపు పైన, 300 దగ్గర ఎనిమిదంగుళాల చుట్టుపక్కల కింద పడుతుంది. వాలులో రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) చూపే దూరం ఏటవాలు దూరం. 30 డిగ్రీల వాలులో 200 గజాలంటే బుల్లెట్ పడిపోయే లెక్కకి 173 గజాలే. 200 లోపు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. అంతకంటే ముఖ్యం, పైనుంచి కిందికి కొట్టేటప్పుడు గుండు ఎక్కడ దూరుతుందో కాదు, ఎక్కడ బయటికి వస్తుందో చూసి గురి కాస్త ఎత్తాలి.

బ్యారెల్ శుభ్రం చేయడమే విసుగు. రాగి దాని లోపలి గాడుల్లో అంటుకుంటుంది. సీసం తూటాలతో ప్రాక్టీస్ చేసి అదే బ్యారెల్‌లో రాగి వేస్తే తూటాలు ఒకే చోట గుంపుగా పడకుండా చెదిరిపోవడానికి ఇదో కారణం. అమ్మోనియా ఉన్న కాపర్ సాల్వెంట్ వేసి, డబ్బా మీద రాసినంతసేపే ఉంచి, గుడ్డపేలిక మీద నీలిరంగు రావడం ఆగేదాకా తుడవాలి. నైలాన్ బ్రష్ వాడండి. కంచు బ్రష్ వాడితే సాల్వెంట్ ఆ బ్రష్‌నే కరిగించి నీలం చూపిస్తుంది, బ్యారెల్ ఎప్పటికీ శుభ్రం కానట్టే ఉంటుంది. శుభ్రం చేశాక మొదటి రెండు మూడు తూటాలు వేరే చోట పడతాయి. అవి రేంజ్‌లోనే కాల్చేసి కొండెక్కండి.

ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. అమెరికా అటవీశాఖ 2013లో చేసిన పరీక్షల్లో రాయికో ఉక్కుకో తగిలిన పూర్తి రాగి బుల్లెట్ ముక్కలు నిప్పు అంటించేంత వేడెక్కుతాయని తేలింది. పంది వెనక గ్రానైట్ బండ, కింద ఎండుగడ్డి ఉంటే ట్రిగ్గర్ మీద వేలు తీసేయండి. గుండు దాదాపు ఎప్పుడూ అవతలికి పోయే రకమని మర్చిపోవద్దు.

మాంసానికి సీసం భయం పోయినా మిగతావి పోలేదు. బ్రూసెల్లా బ్యాక్టీరియా సోకకుండా కోసేటప్పుడు చేతికి తొడుగులు ఉండాలి. ట్రికినెల్లా పురుగు ఫ్రీజర్‌లో పెడితే చస్తుందని నమ్మకండి, అడవి రకాలు కొన్ని గడ్డకట్టినా బతుకుతాయి. లోపల 71 డిగ్రీల సెల్సియస్ రావాలి. మన కుక్కర్ కూరకి ఈ గొడవ లేదు, గ్రిల్ మీద లోపల గులాబీరంగుండగానే దించేవాళ్ళకే.

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్ళకి ఒక మాట. ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, ఈ తూటా పెట్టె దగ్గరుంచుకోవడమూ నిషేధమే. గడువున్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. కాలిఫోర్నియా వార్షిక లైసెన్సు జూన్ 30తో ముగుస్తుంది. రెన్యువల్ మర్చిపోతే జూలై 1న అల్మారాలో ఉన్న పెట్టె కూడా నేరమే. పందికి లైసెన్సుతో పాటు వాలిడేషన్ (పంది వేటకి విడిగా తీసుకునే అనుమతి) కావాలి. 2024 జూలై నుంచి పందికో ట్యాగ్ కొనే పద్ధతి పోయింది, ఎన్ని కొట్టాలన్న పరిమితీ లేదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకే వేట, ఎర వేయడం కుదరదు. ఇదంతా అక్కడి మాట. ఆంధ్ర, తెలంగాణల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అనుమతి లేకుండా అడవిపందిని కొడితే జైలే.

ధర సీసం తూటా కంటే బాగా ఎక్కువ, శరత్కాలంలో షాపుల్లో దొరకదు కూడా. వసంతంలోనే, పెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) చూసి, ఒకే లాట్‌వి కొనిపెట్టుకోండి. లాట్ మారితే జీరో మళ్ళీ చూసుకోవాల్సిందే.