గేమ్‌ల హార్డ్‌డిస్కుకు ఏ ఫార్మాట్? కరెంటు పోయే ఊళ్లో మూడూ వాడి చూశాక

హార్డ్‌డిస్కు కొన్న రోజు నుంచి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఫ్యాట్32 పెట్టాలా, ఎక్స్‌ఫ్యాట్ పెట్టాలా, ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టాలా? ఫార్మాట్ అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చుకునే పద్ధతి, ఈ మూడూ అలాంటివే. శ్రీకాకుళంలో మా ఇంట్లో మూడు ప్లేస్టేషన్ గేమ్ కన్సోళ్లు (ఒక పాత పీఎస్2, ఒక పీఎస్4, మా మేనల్లుడి పీఎస్5), ఒక విండోస్ ల్యాప్‌టాప్, హాల్లో ఒక టీవీ ఉన్నాయి. వీటి మధ్య హార్డ్‌డిస్కులు ఏళ్లుగా తిరుగుతూనే ఉన్నాయి. మూడు ఫార్మాట్లనూ అరిగిపోయేదాకా వాడాను. వేగం లెక్కల పట్టికలు వెతుక్కునేవారికి ఇక్కడ ఏమీ దొరకదు. ఒకే డిస్కు మీద పెద్ద ఫైలు కాపీ చేస్తే మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా నాకెప్పుడూ కనిపించలేదు. డిస్కే నెమ్మదిదైతే ఫార్మాట్ మాత్రం ఏం చేస్తుంది? అసలు తేడా కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. మా జిల్లాలో అది తరచుగానే బయటపడుతుంది.

ముందుగా ఒక భ్రమ తొలగించాలి. కొత్త కన్సోళ్లలో ఆటలు నడిపే డిస్కుకు ఫార్మాట్ ఎంచుకునే హక్కు మనకు లేదు. పీఎస్4కు బయటి డిస్కులో ఆటలు పెట్టుకునే వీలు 2017 మార్చిలో 4.50 అప్‌డేట్‌తో వచ్చింది. యూఎస్‌బీ 3.0 ఉండాలి, పరిమాణం 250 జీబీకి తగ్గకూడదు, 8 టీబీకి మించకూడదు. ఆ డిస్కును కన్సోల్ తన సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది. మీరు ముందు ఏం పెట్టి ఇచ్చినా మొత్తం తుడిచేస్తుంది. సగం ఆటలకు, సగం సినిమాలకు అని రెండు పార్టిషన్లు చేసి పెట్టినా ఒప్పుకోదు, డిస్కంతా తనకే కావాలంటుంది. పీఎస్5 కూడా ఇదే తీరు. పైగా అక్కడ ఇంకో మెలిక ఉంది. యూఎస్‌బీ డిస్కులో పీఎస్4 ఆటలు పెట్టుకుని ఆడవచ్చు. పీఎస్5 ఆటలను మాత్రం 2021 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత కూడా దాచుకోవడమే, ఆడాలంటే మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి. అయినా ఆ దాచుకోవడం చిన్న ఉపకారం కాదు. వంద జీబీ దాటిన ఆటను మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కంటే డిస్కు నుంచి లోపలికి తెచ్చుకోవడం ఎన్నో రెట్లు నయం. పీఎస్4లో నింపిన డిస్కును తీసుకెళ్లి పీఎస్5కు తగిలిస్తే అలాగే గుర్తుపడుతుంది. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చింది అదే.

కన్సోల్ ఫార్మాట్ చేసిన డిస్కుతో ఒక ప్రమాదం ఉంది. దాన్ని విండోస్ చదవలేదు. చదవలేకపోతే ఊరుకోదు, "ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. ఒక సాయంత్రం మేనల్లుడు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "మామయ్యా, డిస్కు పాడైపోయింది, ఫార్మాట్ చేయమంటోంది. చేసేయనా?" అన్నాడు. "చేయి తీయి నాయనా, ముందు ఆ వైరు పీకు" అన్నాను. డిస్కులో ఆటలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అప్పటి నుంచి దాని మీద మందుల కొట్లో దొరికే తెల్ల ప్లాస్టర్ అతికించి, స్కెచ్ పెన్నుతో "పీఎస్4, కంప్యూటర్‌కు పెట్టవద్దు" అని రాసి ఉంచాం. ప్లాస్టర్ రెండుసార్లు ఊడింది, మళ్లీ అతికించాం.

కాబట్టి మన ఎంపిక అంతా రెండో డిస్కు గురించే. కన్సోల్ బ్యాకప్, సేవ్ ఫైళ్లు (ఆటలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుంచుకునేవి), స్క్రీన్ షాట్లు, అప్‌డేట్ ఫైలు, సొంత సీడీ, డీవీడీల నుంచి తీసుకున్న పాత ఆటల కాపీలు, ఇంట్లోవాళ్ల సినిమాలు చేరేది అందులోనే.

ఫ్యాట్32ను ముసలిదని తీసిపారేస్తారు గానీ మా ఇంట్లో దానికి ఇంకా ఉద్యోగం ఉంది. మా పీఎస్2 లెన్సు బలహీనపడి ఆటల సీడీలు, డీవీడీలు చదవడం మానేసింది. అరసవల్లి రథసప్తమికి వచ్చే బంధువుల పిల్లలకేమో ఆ పాత ఆటలే కావాలి. పీఎస్5 పక్కనే ఉన్నా దాని జోలికి పోరు, కారణం నాకిప్పటికీ అంతుపట్టలేదు. అందుకని పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 320 జీబీ డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి, మా దగ్గరున్న సీడీ, డీవీడీల కాపీలు అందులో వేసి, ఓపెన్ పీఎస్2 లోడర్ అనే ప్రోగ్రాంతో పీఎస్2లో నడుపుతున్నాం. కొత్త వెర్షన్లలో ఎక్స్‌ఫ్యాట్ కూడా పనిచేస్తుంది. మా దగ్గరున్న పాత వెర్షన్‌కు ఫ్యాట్32 తప్ప వేరే తెలియదు.

ఇక్కడ చిక్కులు రెండు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీని చేరలేదు, ఒక బైటు తక్కువ దగ్గరే ఆగిపోవాలి. పీఎస్2 డీవీడీ నిండుగా ఉంటే ఆ హద్దు దాటుతుంది. అలాంటి ఆటను ముక్కలుగా కోసి వేసే చిన్న ప్రోగ్రాం వాడాలి. రెండోది అంత సులువుగా అర్థం కాదు. ఆట ఫైలు డిస్కు మీద ఒకే వరుసలో ఉండాలి, చెల్లాచెదురుగా ఉంటే లోడర్ నడపదు. నాలుగు ఆటలు తీసేసి ఆ ఖాళీల్లో కొత్త ఆట వేస్తే ఫైలు అక్కడొక ముక్క ఇక్కడొక ముక్కగా పడుతుంది. జాబితాలో పేరు కనిపిస్తుంది, ఆట మాత్రం మొదలవదు. ఫైలు పాడైందేమోనని అనుమానపడి మళ్లీ కాపీ చేసినా అదే ఖాళీల్లో అదే తీరున పడుతుంది. మందు ఒక్కటే: అన్నీ ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, డిస్కును ఖాళీగా ఫార్మాట్ చేసి, ఒకదాని తర్వాత ఒకటిగా మళ్లీ వేయడం. పీఎస్2 యూఎస్‌బీ 1.1 కాలం నాటిది, సెకనుకు 12 మెగాబిట్లే దాని దారి వెడల్పు. ఆట మధ్యలో వచ్చే వీడియోలు తడబడితే డిస్కునూ ఫార్మాట్‌నూ నిందించి లాభం లేదు.

320 జీబీ డిస్కును ఫ్యాట్32 చేయబోతే విండోస్ ఫార్మాట్ పెట్టెలో ఆ పేరే కనపడదు. 32 జీబీ దాటితే చూపించదు. ఆ హద్దు ఫ్యాట్32కు పుట్టుకతో వచ్చింది కాదు, మామూలు డిస్కుల మీద అది 2 టీబీ దాకా వెళ్లగలదు. మైక్రోసాఫ్ట్‌లో ఆ ఫార్మాట్ పెట్టె రాసిన డేవ్ ప్లమ్మర్, 1994 చివర్లో తాత్కాలికంగా ఉంటుందనుకుని చేసిన పని అది అని తర్వాత తానే చెప్పాడు. తాత్కాలికం ముప్పై ఏళ్లు నడిచింది! 2024లో విండోస్ 11 పరీక్ష వెర్షన్‌లో, అది కూడా కమాండ్ ద్వారా చేసే ఫార్మాట్‌కే, హద్దును 2 టీబీకి పెంచారు. అందాకా నాలాంటివాళ్లం ఉచితంగా దొరికే వేరే ప్రోగ్రాంలతో పని కానిచ్చాం.

ఇక ఎక్స్‌ఫ్యాట్. ఎవరిని అడిగినా ఇదే పెట్టమంటారు, ఆ సలహాలో తప్పు లేదు. 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈ పద్ధతిలో 4 జీబీ గొడవ లేదు. పీఎస్4, పీఎస్5 రెండూ బ్యాకప్‌కూ, స్క్రీన్ షాట్లు తీసుకోవడానికీ దీన్ని చదువుతాయి. వివరాలను 2019లో బయటపెట్టాక లినక్స్‌లోనూ చక్కగా కలిసిపోయింది. మాకు ఇబ్బంది పెట్టింది టీవీ ఒక్కటే. అది పాతది, ఎక్స్‌ఫ్యాట్ డిస్కు పెడితే ఏమీ లేనట్టు ముఖం పెడుతుంది. ఇంకో చిన్న విషయం: పెద్ద డిస్కును విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్ చేస్తే మామూలుగా ఒక్కో గడి (ఫైళ్లకు చోటు పంచే అతి చిన్న భాగం) 128 కేబీ పెడుతుంది. రెండు కేబీల ఫైలైనా ఒక గడి మొత్తం ఆక్రమిస్తుంది. చిన్న ఫైళ్లు పదివేలుంటే దాదాపు 1.2 జీబీ అక్కడే పోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో గడి 4 కేబీలే కాబట్టి అదే సరుకు 40 ఎంబీలో సర్దుకుంటుంది. పెద్ద ఆటలు మాత్రమే దాచేవారు ఈ లెక్క పట్టించుకోనక్కరలేదు.

అసలు లోపం వేరే చోట ఉంది. మా వైపు అక్టోబరు, నవంబరు నెలలంటే తుపాను కబుర్లే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాల్లో తీరం దాటింది, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి దగ్గర్లో దాటింది. నిజానికి తుపాను రోజున డిస్కుకు ఏమీ కాదు, ముందే అన్నీ ఆపి ప్లగ్గులు పీకేస్తాం. చెడగొట్టేది వేసవి సాయంత్రాల గాలివాన. కరెంటు పోతుంది, రెప్పపాటులో వస్తుంది, మళ్లీ పోతుంది. అలాంటి ఒక సాయంత్రం పీఎస్4 నుంచి ఎక్స్‌ఫ్యాట్ డిస్కుకు బ్యాకప్ నడుస్తోంది. బ్యాకప్ సగంలో ఆగింది, అది ఊహించిందే. మర్నాడు డిస్కును ల్యాప్‌టాప్‌కు పెడితే దానితో ఏ సంబంధమూ లేని పాత ఆటల కాపీల ఫోల్డరు తెరుచుకుంది గానీ లోపల ఏమీ లేదు. డిస్కులో నిండిన చోటు మాత్రం అంతే చూపిస్తోంది.

డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్ నడిపితే ఫౌండ్ అనే పేరుతో దాగి ఉండే ఒక ఫోల్డరు తయారైంది. అందులోని పేర్లన్నీ ఫైల్ అనే మాట, సున్నాలతో మొదలయ్యే వరుస నంబర్లు, చివర సీహెచ్‌కే. ఏది ఏ ఆటో పేరును బట్టి తెలిసే దారి లేదు. మూల సీడీ, డీవీడీల్లోని ఫైళ్ల పరిమాణం కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ పోల్చి, పేర్లు మార్చుకుంటూ వచ్చాను. చాలావరకు నడిచాయి. కొన్నింటికి పోలిక దొరకలేదు, వాటిని ఆ సీడీ, డీవీడీల నుంచి మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇలాంటి చోట ఎందుకు తట్టుకుంటుందంటే, ఏ ఫోల్డరులో ఏం మార్చబోతోందో అది ముందు చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తుంది, కిరాణా కొట్టువాడు సరుకు తూచే ముందు పద్దు రాసుకున్నట్టు. మధ్యలో కరెంటు పోతే తిరిగి వచ్చాక చిట్టా చూసుకుని, మొదలుపెట్టినదాన్ని పూర్తి చేయడమో రద్దు చేయడమో చేస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను మహిమ గలదని అనుకోకండి. కాపీ అవుతున్న ఫైలును అదేమీ కాపాడదు, కాపాడేది ఫోల్డర్ల అమరికను మాత్రమే. మా ఇంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుకూ కాపీ మధ్యలో కరెంటు పోయింది. ఆ ఒక్క ఫైలు సగమే పడింది, చుట్టూ ఉన్నవి ఒక్కటీ చెదరలేదు. నాకు కావలసింది అంతే.

మరి అన్నిటికీ ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టేస్తే పోలేదా అంటే, ప్లేస్టేషన్లు దాన్ని చదవవు. మ్యాక్ కంప్యూటర్ చదువుతుంది గానీ మామూలుగా రాయనివ్వదు. అందుకే మా ఇంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు ల్యాప్‌టాప్‌కూ టీవీకీ తప్ప దేనికీ తగలదు. అది గోదాము. ఎక్స్‌ఫ్యాట్ డిస్కు కన్సోల్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య సరుకు మోసేది, అందులో ఏదీ రెండో రోజుకు ఉండనివ్వను.

దీనికి తోడు, డిస్కు దేనికి తగిలి ఉందన్నది ఫార్మాట్ కన్నా ముఖ్యమని తర్వాత తెలిసివచ్చింది. చేతిలో ఇమిడే రెండున్నర అంగుళాల డిస్కు యూఎస్‌బీ వైరు నుంచే కరెంటు తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి ఊరంతా చీకటైనా కాపీ సాగిపోతూనే ఉంటుంది. అదే డిస్కును కన్సోల్‌కు పెడితే రెండూ ఒకేసారి ఆరిపోతాయి. వేరే అడాప్టరుతో నడిచే మూడున్నర అంగుళాల డిస్కు ఇంకా మోసం. ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంటుంది, డిస్కు మాత్రం మధ్యలో చచ్చిపోతుంది. ఇన్వర్టరు ఉందని ధైర్యపడేవారు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో ఒకసారి చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ కాస్త వ్యవధికే మా పీఎస్4 ఆగిపోయేది. స్విచ్ మార్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

కన్సోల్ తానే ఫార్మాట్ చేసుకున్న డిస్కు కూడా కరెంటుకు అతీతం కాదు. ఆగిపోయాక మళ్లీ వెలిగిస్తే పీఎస్4 నిల్వను పరీక్షిస్తూ, పీఎస్5 యూఎస్‌బీ నిల్వను సరిచేస్తున్నామంటూ కాసేపు కూర్చోబెడతాయి. ఇప్పటిదాకా రెండూ సరిచేసుకుంటూనే వచ్చాయి. ఒకవేళ ఆటలు పోయినా మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, సేవ్ ఫైళ్లు కన్సోల్ లోపలే ఉంటాయి కాబట్టి ప్రాణం పోయినంత పని కాదు. వాటికి కూడా నకలు ఉంచుకోండి. పీఎస్4 సేవ్‌లను పెన్‌డ్రైవ్‌కు నేరుగా కాపీ చేయవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌లకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు, డబ్బు కట్టే క్లౌడ్ కావాలి, లేదా కన్సోల్ మొత్తానికీ బ్యాకప్ తీయాలి. ఇది నాకు ఏమాత్రం నచ్చని విషయం.

ఒక డిస్కే కొనగలిగినవారికి, అది కన్సోల్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తిరగాల్సిందే అయితే, ఎక్స్‌ఫ్యాట్ తప్ప దారి లేదు. నెలకోసారి దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టి, ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద ఉన్న చెక్ నొక్కండి. తప్పులేమీ లేవంటే సరే. ఉన్నాయని చెబితే వెంటనే రిపేరు నొక్కకండి. కనిపిస్తున్న ఫైళ్లన్నీ ముందు వేరే చోటికి కాపీ చేసుకుని, తర్వాతే నొక్కండి.