‘ఐ5, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్’ అన్న ప్రకటన చూసి డబ్బు పంపకండి

పిల్లల కోసం తక్కువ ధరలో గేమింగ్ కంప్యూటర్ కొనాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా మాలాగా హైదరాబాద్‌కు దూరంగా ఉండి ఫోనులోనే బేరం ముగించేవాళ్లు, డబ్బు పంపే ముందు ఇది చదవండి. నేను 38,500 రూపాయలు పోసి 2012 నాటి ప్రాసెసర్‌నూ, 2010 నాటి గ్రాఫిక్స్ కార్డునూ కొత్త గాజు పెట్టెలో ఇంటికి తెచ్చుకున్నాను.

నాది దేవరకొండలో మోటారు వైండింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా బోరు మోటార్లు విప్పడం, చుట్టడం, బిగించడం ఇదే పని. పాత మోటారుకు కొత్త రంగు పూసి, 3 హెచ్‌పీ దానికి 5 హెచ్‌పీ రేకు బిగించి రైతుకు అంటగట్టేవాళ్లను ఎంతమందిని చూశానో లెక్క లేదు. రేకు మీద ఏమి రాసి ఉన్నా నాకు అనవసరం. కరెంటు కొలిచే టంగ్ టెస్టర్ పెడితే 5 హెచ్‌పీది పూర్తి లోడు మీద ఏడు, ఏడున్నర ఆంపియర్లు లాగాలి. నాలుగున్నర దగ్గరే ఆగిందంటే అది మూడు హెచ్‌పీయే. ఊరందరికీ ఈ మాట చెప్పే నేనే రంగు లైట్లు చూసి మోసపోయాను. ఆ ఉక్రోషం ఈ రాతలో అక్కడక్కడా కనిపిస్తే మన్నించండి.

మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. పదో తరగతిలో మంచి మార్కులు తెస్తే కంప్యూటర్ కొనిస్తానని నోరు జారాను, వాడు తెచ్చాడు. హైదరాబాద్‌లో చదువుతున్న మా బావమరిది కొడుకు అక్టోబరులో సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి 42,000కు ఒక జాబితా రాయించి పంపాడు. పత్తి డబ్బులు వచ్చాక రైతులు నా బాకీలు తీరుస్తారు కదా, అప్పుడు కొందామని ఆగాను. డిసెంబరులో అదే జాబితా 51,000 అయింది. చూస్తే పెరిగినదంతా ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే భాగం) మీదే.

మొదట షాపువాళ్ల ఆశ అనుకున్నాను. కాదట. ర్యామ్‌లో వాడే మెమరీ చిప్‌లను ప్రపంచంలో చాలావరకు మూడే కంపెనీలు చేస్తాయి: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలకు హెచ్‌బీఎం అనే ఖరీదైన మెమరీ కావాలి. లాభం అందులో ఉంది కాబట్టి కంపెనీలు అటు మొగ్గాయి, మన ఇళ్లలోకి వచ్చే మామూలు ర్యామ్ తగ్గింది. 2025 డిసెంబరులోనే మైక్రాన్, క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదార్లకు అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఊళ్లో ట్రాక్టర్లన్నీ పెద్ద కాంట్రాక్టరు పనికి వెళ్లిపోతే చిన్న రైతు దుక్కికి రెట్టింపు బాడుగ ఇచ్చుకున్నట్టుంది మన పని. సరుకు కరువైనప్పుడు నకిలీది ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో పత్తి విత్తనాల దగ్గర మనకు కొత్త కాదు. అయినా అప్పుడు తట్టలేదు.

సరిగ్గా ఆ వారంలోనే నా ఫోనులో ఒక వీడియో ప్రకటన కనిపించింది. పక్కన గాజు తలుపున్న నల్ల క్యాబినెట్, లోపల నాలుగు ఫ్యాన్లు, ఒక్కో ఫ్యానులో ఇంద్రధనుస్సు. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల మానిటర్, కీబోర్డు, మౌస్, అన్నీ కలిపి 38,500. షాపు హైదరాబాద్‌లోనే.

ఫోను చేశాను. ప్రాసెసర్ ఎన్నో తరమో కనుక్కోమని మా వాడు పక్కనుంచి గుసగుసలాడుతున్నాడు. అడిగాను.

“సార్, ఐ5 అంటే ఐ5యే. బాబు ఆడే ఆటలన్నీ నడుస్తాయి, పూచీ నాది” అన్నాడు.

“బిల్లు ఇస్తారు కదా?”

“ఇస్తాను సార్, కానీ జీఎస్టీ 18 శాతం మీరే పెట్టుకోవాలి. బిల్లు లేకపోయినా వారంటీ నేను చూసుకుంటానుగా.”

38,500కు 18 శాతమంటే 6,930 రూపాయలు. అది మిగిలిందని సంబరపడి బిల్లు వద్దన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నా సొంత తప్పు ఏదైనా ఉందంటే ఇదే, దాన్ని వాడి మీదికి నెట్టను. పది వేలు ముందు పంపాను. ఏదో కార్ల ఆట నడుస్తున్న వీడియో వాడు పంపగానే మిగతాదీ పంపేశాను. రెండో రోజు బస్టాండు కార్గో కౌంటరులో పార్సిల్ తీసుకుని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాం.

సాయంత్రం స్విచ్ వేయగానే గది పైకప్పంతా ఎరుపు, నీలం, ఆకుపచ్చ. మా అమ్మ మంచం మీద నుంచి లేచి “మళ్లీ దీపావళి వచ్చిందా?” అంది. ఆ ముచ్చట సరిగ్గా గంటన్నర నిలిచింది.

మా వాడికి కావలసిన ఆట వాలరెంట్. దించుకున్నాక తెరవగానే వాన్ 9001 అని ఒక లోపం చూపించి ఆగిపోయింది. ఈ ఆటలో మోసాలను పట్టుకునే వాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రామ్ ఉంటుంది. విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉంటేనే అది లోపలికి రానిస్తుంది. మాకు వచ్చిన దాంట్లో విండోస్ 11 ఉంది, టీపీఎం 2.0 లేదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లకు, ఏవో కొన్నిటికి తప్ప, విండోస్ 11 అధికారికంగా సరిపడదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, కొత్త సరుకులా కనిపించడానికి అడ్డదారిలో 11 ఎక్కించి పంపారన్నమాట. ఆట మొరాయించకపోతే నాకు ఇంకో ఏడాది వరకు ఏదీ తెలిసేది కాదు.

మా వాడు విండోస్‌లోనే ఉండే టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ పేరు చూపించాడు: ఐ5-3470. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఐ5 తర్వాత వచ్చే అంకెలో తరం ఉంటుంది. 3470 అంటే మూడో తరం, 12400 అంటే పన్నెండో తరం. రెండూ ఐ5లే, కానీ వాటి మధ్య పదేళ్లు. భాగాలన్నీ బిగించే బోర్డు హెచ్61 అనే పాత రకం, కానీ మెరిసిపోతున్న కొత్తదే. ఆ పాత ప్రాసెసర్లకు సరిపోయే బోర్డులను ఊరూ పేరూ తెలియని బ్రాండ్ల మీద ఇప్పటికీ కొత్తగా చేస్తున్నారు. ర్యామ్ 16 జీబీ అన్న మాట నిజమే, కాకపోతే డీడీఆర్3 అనే పాత రకం. ఇప్పటి తరం ప్రాసెసర్ల బోర్డుల్లో అది పట్టదు. అంటే రేపు బోర్డు మార్చాలన్నా ర్యామ్ పనికిరాదు.

ఇక ఆటల బొమ్మను తెర మీదికి పంపే గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటర్ దాన్ని జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ అని చూపిస్తోంది. సరే, ఇదొక్కటైనా మిగిలిందనుకున్నాం. మరునాడు మా వాడు ఆ కార్డు చిప్‌లు చేసే ఎన్‌విడియా కంపెనీ కొత్త డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రామ్) ఎక్కించగానే తెర నల్లబడింది. బావమరిది కొడుకు ఫోనులో చెబుతుంటే తంటాలు పడి మళ్లీ తెరిచి, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాం. కార్డు పేరుకు ముందే నకిలీ అని ముద్ర, చిప్ బొమ్మ ఉండాల్సిన చోట హెచ్చరిక గుర్తు. లోపల ఉన్నది 2010 నాటి జీటీఎస్ 450. అసలు 1050 టీఐలో లెక్కలు చేసే కోర్లు 768, మెమరీ 4 జీబీ ఉండాలి. దీంట్లో 192 కోర్లు, 1 జీబీ. కార్డు తన పేరూ వివరాలూ చెప్పుకునే లోపలి ప్రోగ్రామ్‌ను (బయాస్) తిరగరాసి పేరు మార్చారు. రేకు మార్చిన మోటారే, వేరే ఏమీ కాదు. ఆ తరం చిప్‌లకు ఎన్‌విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం 2018లోనే ఆపేసింది కాబట్టే తెర నల్లబడింది.

2021లో గ్రాఫిక్స్ కార్డులకు కరువు వచ్చినప్పుడు 2016 నాటి 1050 టీఐనే ఎన్‌విడియా మళ్లీ బజారుకు వదిలింది. అందుకే ఆ పేరంటే జనానికి ఇప్పటికీ నమ్మకం, అందుకే దొంగలకూ ఆ పేరే ఇష్టం. ప్రోగ్రామ్ ఏదీ లేకుండా కంటితోనే అనుమానించే ఉపాయం ఒకటి ఉంది. కార్డు వెనుక నీలం రంగు వీజీఏ రంధ్రం ఉందేమో చూడండి. అసలు 1050 టీఐ చిప్‌కు ఆ పాత పద్ధతిలో బొమ్మ పంపే ఏర్పాటే లేదు. మా కార్డుకు నిక్షేపంగా ఉంది. షాపువాడు పంపిన వీడియో మళ్లీ వేసి చూస్తే అందులోనూ కనబడుతోంది, చూడటం తెలియలేదంతే.

ఎస్‌ఎంపీఎస్ సంగతి మాత్రం నేనే పట్టుకున్నాను. కంప్యూటర్‌కు కరెంటు పంచే ఆ ఇనుప డబ్బాను విప్పి చేతిలోకి తీసుకుంటే ఖాళీ మిఠాయి డబ్బాలా తేలిపోయింది. రాగి, ఇనుము ఉన్న వస్తువు అలా తేలదు. పక్కన బొటనవేలంత అక్షరాలతో 500 వాట్లు అని రాసి ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాలతో పట్టిక. 12 వోల్టుల గీతకు ఎదురుగా 14 ఆంపియర్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేదంతా దాదాపు ఆ 12 వోల్టుల నుంచే. పన్నెండు పద్నాలుగులు 168. అయిదు వందలు ఎక్కడ, నూట అరవై ఎనిమిది ఎక్కడ! ఒళ్లు దాచుకోని 450 వాట్ల డబ్బా మీద అదే గీతలో 30కి పైనే ఉంటుంది. అబద్ధం ఆడేవాడు కూడా పట్టికలో నిజం రాసుకుని కూర్చున్నాడు, ఎవరు గుణిస్తారులే అని.

షాపుకు తీసుకెళ్లి మూత తీశాను. మీరు తీయకండి, ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, చెయ్యి పట్టేస్తుంది. కరెంటు లోపలికి వచ్చే చోట వడపోతకు రాగి చుట్ట ఒకటి ఉండాలి. బోర్డు మీద దాని కోసం గుండ్రటి గీత గీసి ఉంది, నాలుగు రంధ్రాలూ ఉన్నాయి. చుట్ట లేదు. దాని స్థానంలో వేలెడంత తీగ ముక్కలు రెండు టంకం పెట్టి అతికించారు. ఇరవై రెండేళ్లు చుట్టలు చుట్టినవాడికి అది చూస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. వేసవిలో మా వైపు వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు అది పేలితే దానితోపాటు బోర్డూ పోతుంది.

మరుసటి సోమవారం పెట్టెను సంచిలో కట్టుకుని మల్లేపల్లి, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లే బస్సెక్కి ఆ షాపు వెతుక్కుంటూ పోయాను. షాపంటే రెండో అంతస్తులో ఒక గది. బల్ల, దాని మీద అవే లైట్లు. “సెకండ్‌హ్యాండ్ అని మీకు చెప్పే ఇచ్చాం కదా సార్” అన్నాడు. ఎప్పుడు చెప్పావంటే “ఆ ధరకు కొత్తది ఎలా వస్తుందనుకున్నారు?” అని నన్నే ఎదురు అడిగాడు. రెండు గంటలు అరిచాక 5,000 వెనక్కి ఇచ్చాడు, వస్తువు మాత్రం తీసుకోలేదు. బిల్లు లేదుగా, నా గొంతు తప్ప కాగితం మీద సాక్ష్యం లేదు.

ఇంటికి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు రాయించాను. దానితో తేలకపోతే ఇ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం షాపు హైదరాబాద్‌లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. నా దగ్గర ఉన్నవి ఫోనులో డబ్బు పంపిన వివరాలు, వాడి సందేశాలు, ఆ వీడియో. వాటిని చెరిపేయకుండా మూడు చోట్ల దాచాను. బిల్లు ఉంటే ఈ అవస్థ సగం ఉండేది కాదు.

ఇప్పుడు కొనేవాళ్లు ప్రతి భాగం పూర్తి మోడల్ నంబరుతో జాబితా రాయించుకోండి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ డీడీఆర్4నా 5నా, కార్డు, ఎస్‌ఎంపీఎస్. నంబరు చెప్పనివాడితో రెండో మాట వద్దు. ఫోనులోనే వీడియో కాల్ చేయించి, టాస్క్ మేనేజర్‌తోపాటు జీపీయూ-జెడ్‌ను మీ ఎదుటే తెరిపించండి, రికార్డు చేసిన వీడియో పనికిరాదు. పాత ర్యామ్ కొన్నా నష్టం లేదు, మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష ప్రోగ్రామ్ ఒక రాత్రంతా నడిపితే బాగోగులు తెలిసిపోతాయి. పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఉచితంగా ఇచ్చినా నేను ముట్టను.

మళ్లీ కొనేటప్పుడు మేము విడిగా గ్రాఫిక్స్ కార్డే వద్దనుకున్నాం. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, వాలరెంట్‌కు అది చాలు, టీపీఎం సమస్యా లేదు. కాకపోతే అది ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కూ వాడుకుంటుంది కాబట్టి ఒక్క 16 జీబీ ముక్క కంటే రెండు 8 జీబీ ముక్కలు వేస్తేనే వేగం. మానిటర్ బాగానే ఉంది, అది మిగిలింది. మిగతా డబ్బు కూడే వరకు మా వాడు పాత ఫోనుతోనే సరిపెట్టుకుంటానన్నాడు. ఆ మాట వాడు అన్న తీరు నాకు 33,500 కంటే ఎక్కువ బరువుగా ఉంది.

నిన్న రాత్రి ఆ ప్రకటన నా ఫోనులో మళ్లీ వచ్చింది. షాపు పేరు మారింది, నంబరు మారింది, ధర 41,000 అయింది. బల్ల అదే. గాజు తలుపు వెనుక, కార్డు చివర ఆ నీలం రంధ్రం కూడా అదే.