ఎంవిస్టా నాలుగేళ్లు వాడాక: ఒక తెల్లటి ఖాళీ కథ

ఎంవిస్టా అంటే డీఎన్‌ఏ సీక్వెన్సులను పోల్చి బొమ్మగా చూపే వెబ్‌సైట్. అందులో నాకు ప్రాణమైంది ఒక్కటే, ఆ బొమ్మ. ఎక్సాన్లు (జీన్లలో ప్రోటీన్ తయారీకి సంకేతం ఉండే ముక్కలు) నీలం, జీన్లు లేని చోట కూడా మారకుండా నిలిచిన భాగాలు గులాబీ, పోలిక ఎంత ఉంటే శిఖరం అంత ఎత్తు. శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనం, వేగిస చెట్ల క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లు (ఆకులోని పచ్చటి కణభాగాల్లో ఉండే డీఎన్‌ఏ) మొదటిసారి పోల్చినప్పుడు, లక్షన్నర పైచిలుకు బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ఒక్క పేజీలో కనిపించేసరికి ప్రింట్ తీసి హాస్టల్ గోడకు అంటించుకున్నాను.

పోయిన వేసవిలో కొత్త వేగిస శాంపిల్ వేశాను. చివరి వైపు, రెండు ఇన్వర్టెడ్ రిపీట్ల (ఒకదానికొకటి తిరగబడి ఉండే ఒకేలాంటి ముక్కల) మధ్య ఉండే చిన్న భాగం మొత్తం, 20 వేల బేసులకు కాస్త తక్కువ, తెల్లగా ఖాళీ, అంటే పోలికే లేదు. నిద్ర పట్టలేదు. మన కొండల్లోని చెట్టులో ఇంత తేడానా అని పొద్దున్నే సార్‌కి ఫోన్ చేసి చెప్పేశాను, రెండు రోజులు ఆ జీన్ల మీదే చదివాను. మూడో రోజు మా జూనియర్ "అక్కా, డీ-జెనీస్‌లో కూడా ఒకసారి వేద్దామా" అంది. డీ-జెనీస్ గీసే డాట్ ప్లాట్, అంటే రెండు సీక్వెన్సులు కలిసే చోట్లను గీతగా చూపే బొమ్మ, రాగానే ఇద్దరికీ అర్థమైపోయింది, సరిగ్గా అక్కడే గీత అడ్డం తిరిగి ఉంది. ఆ భాగం ఒకే మొక్కలో రెండు దిశల్లోనూ ఉంటుందని 1983లోనే తేలిన విషయం. క్లోరోప్లాస్ట్ జీనోమ్‌ను కూర్చే గెట్‌ఆర్గనెల్ సాఫ్ట్‌వేర్ అందుకే దిశకొకటి చొప్పున రెండు ఫైళ్లు ఇస్తుంది, నేను చూడకుండా మొదటిది తీసుకున్నాను. ఎంవిస్టాలో నేను ఎంచుకున్న పోలిక పద్ధతి లగాన్, అది రెండు సీక్వెన్సులూ ఒకే వరుసలో ఉన్నాయనుకుని పోలుస్తుంది, తిరగబడిన ముక్క దానికి దొరకదు. అందులోనే ఉండే ఇంకో పద్ధతి షఫుల్-లగాన్ ఎంచుకుంటే దొరికింది. సార్‌కి మళ్లీ ఫోన్ చేయడమే కష్టమైంది.

బొమ్మ చూస్తే చాలు అని జూనియర్లందరికీ చెప్పేదాన్ని, ఇప్పుడు డాట్ ప్లాట్ చూశాకే ఆ బొమ్మ చూడమంటున్నాను. జీన్ల ఫైల్ ఎంవిస్టా అడిగే పద్ధతిలో తయారుచేయడం మాత్రం ఇప్పటికీ విసుగే.

నా పని క్లోరోప్లాస్ట్‌లతో కాబట్టి నాకు ఎంవిస్టా సరిపోతుంది. వేరుశనగ మీద పనిచేసే ఫ్రెండ్‌కి మాత్రం చెప్పను, దాని జీనోమ్ దాదాపు 270 కోట్ల బేసులు, పైగా రెండు అడవి జాతులు కలిసి పుట్టిన పంట, ఆ లెక్కే వేరు. నేనైతే ఇప్పుడు ఏ ఫైల్ వచ్చినా ముందు ఆ తిరగబడే భాగం అంచున ఉండే ఎన్‌డీహెచ్ఎఫ్ జీన్ ఏ చివర ఉందో చూసుకుని, ఆ తర్వాతే అప్‌లోడ్ చేస్తున్నాను.