ఆ డబ్బాలో గులాబీ అర జోలికి మాత్రం పోకండి (రెండేళ్లు వాడాక)

ఈ ఇరవైనాలుగు అరల పూసల డబ్బాకి నేను ఐదు స్టార్లు ఇచ్చాను. అది డబ్బా ఇంటికొచ్చిన మూడో రోజు సంగతి. అప్పటికి చేసింది ఒక్క బ్రేస్‌లెట్, అదీ ఏసీ గదిలో కూర్చుని, చేతికి పెట్టుకుని ఫొటో తీసి మళ్లీ డబ్బాలో పెట్టేశాను. ఇప్పుడు మూడుకి మారుస్తున్నా. మొన్న మే నెలలో అయితే ఒకటికి దించేసేదాన్నే, ఎందుకు దించలేదో చివర్లో చెప్తాను. అసలు గొడవంతా గులాబీ రంగుతోనే.

డబ్బాలో ఏమేం వస్తాయో ఫొటోల్లో కనిపిస్తూనే ఉంది, అది వదిలేస్తున్నా. నేను చేసేవి చిట్టి చామంతుల దండలు. ఆరు పూసలెక్కించి, మొదటి పూసలోంచి సూది మళ్లీ తీసి గుండ్రంగా బిగించి, నడుమ పసుపు పూస ఒకటి పెట్టి, ఎదురుగా ఉన్న నాలుగో పూసలోంచి బయటికి లాగితే ఒక పువ్వు. చేయి తిరిగాక పువ్వుకి నిమిషం కూడా పట్టదు. టీవీలో సీరియల్ అయ్యేసరికి మెడ చుట్టూ వచ్చేంత అయిపోతుంది.

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ మేలో పెట్టుకున్నారు, రాజమండ్రిలో. మేలో రాజమండ్రి అంటే ఇక చెప్పేదేముంది. లంగా గులాబీ రంగు, జాకెట్టు క్రీమ్ పట్టు. దానికి సరిపోయేలా గులాబీ రేకులు, పసుపు నడుమలతో మెడకి రెండు వరసలు, చెవుల నుంచి జడలోకి చెంపసరాలు, చేతులకి ఒక్కోటి, అన్నీ కలిపి పదకొండు రాత్రులు కూర్చుని చేశాను. "పిన్నీ, కొన్నవాటికన్నా బాగున్నాయి" అని అది అద్దం ముందు నుంచి కదల్లేదు. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచడం.

పెద్దవాళ్లు అక్షింతలు వేయడం మొదలుపెట్టారు. హాల్లో ఏసీ ఉంది గానీ మూడు వందల మందికి అదేం సరిపోతుంది, పిల్ల మెడ మీద చెమట కారుతోంది, దానికి తోడు వచ్చే ముందు మెడ నిండా సెంటు కొట్టుకుంది. అక్క దగ్గరికొచ్చి మెల్లిగా, "జాకెట్టు మీద కుంకుమ పడినట్టుంది, కాస్త తుడవవే" అంది. తడి రుమాలుతో తుడిచాను. మచ్చ పోకపోగా రూపాయి బిళ్లంత అయింది. రుమాలు చూస్తే గులాబీ రంగు. అప్పటికీ నాకు వెలగలేదు, లంగా రంగు పోతోందేమో అనుకుని ఆ షాపు వాడిని మనసులో తిట్టుకున్నాను కూడా. మెడ వెనక దండ కొంచెం పైకెత్తి చూస్తే అక్కడ ఒక్క గులాబీ పువ్వు లేదు. పువ్వులున్నాయి, రంగు లేదు. నీళ్లలాంటి గాజు పూసలు, వాటి మధ్యలో పసుపు చుక్కలు. పిల్ల మెడ చుట్టూ మాత్రం ఎవరో స్కెచ్ పెన్నుతో గీత గీసినట్టు గులాబీ చార. ఫొటోలు తీసే అబ్బాయికి చెప్పి అక్కడి నుంచి అన్నీ ఎదుటి నుంచే, జడ ముందుకి వేయించి తీయించాం.

జాకెట్టు డ్రైవాష్‌కిస్తే మచ్చ పలచబడింది గానీ పోలేదు. అక్క నన్నేమీ అనలేదు. ఆవిడ వాటా కూడా కలిపి అమ్మ అంది. అమ్మినవాళ్లకి ఫొటోలతో మెసేజ్ పెడితే రిటర్న్ గడువు దాటిపోయిందని సమాధానం, చివర్లో నవ్వుతున్న బొమ్మ ఒకటి.

ఆ కోపంలో మర్నాడే ఇరవైనాలుగు అరల నుంచి తలా ఐదు పూసలు తీసి పరీక్ష పెట్టాను. ఇది డబ్బా కొన్న రోజు చేయాల్సిన పని. పరీక్షకి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ దూదికి అద్ది పూసల్ని అందులో చుట్టి కాసేపు ఉంచి రుద్దడం ఒకటి, ఇంకో ఐదేసి పూసల్ని తెల్ల కాగితం మీద అంటించి సగం అట్టతో కప్పి కిటికీలో ఎండకి రెండు వారాలు వదిలేయడం రెండోది. రిమూవర్‌కి గులాబీ, వంగపండు రంగు, లేత ఊదా మూడూ నిమిషంలో దూదికి అంటుకున్నాయి. వెండి, బంగారు రంగు పూతలు కొంచెం ఆగి పొరలు పొరలుగా ఊడాయి. ఎండలో ఇంకో రెండు, నారింజ ఒకటి, చిలకపచ్చ ఒకటి, వెలిసిపోయాయి. తెలుపు, నలుపు, ఇటిక ఎరుపు, ముదురు నీలం, నేను నడుమల్లో వాడే పసుపు, ఇలాంటి ముద్ద రంగులు రెంటికీ చెక్కుచెదరలేదు. ఎందుకంటే వాటిలో రంగు గాజులోనే కలిసి ఉంటుంది. పూసని పగలగొట్టి చూస్తే లోపల కూడా అదే రంగు. గులాబీ పూసని పగలగొడితే లోపలంతా మామూలు గాజే, రంగు పైన పూత.

గులాబీకే ఈ కర్మ ఎందుకంటే, గాజులో అసలైన గులాబీ ఛాయ తేవాలంటే పాతకాలం నుంచీ బంగారం కలుపుతారు, కొద్దిగానే అయినా బంగారం బంగారమే కదా. గులాబీ పూసలు చవగ్గా దొరుకుతున్నాయంటే చాలావరకు రంగు వేసినవే. జపాన్ మియుకీ, తోహో వాళ్ల పూసలక్కూడా ఈ ఇబ్బంది ఉంది, కాకపోతే రంగు వేసిన రకమైతే ఆ సంగతి చెప్పి అమ్ముతారు, రంగు ఎక్కువ కాలం నిలవడానికి మియుకీలో డ్యూరాకోట్ అని విడిగా ఒక రకమే ఉంది. నేను పది గ్రాములు తెప్పించి చూశాను. బాగుంది, కానీ ఆ డబ్బుకి ఈ డబ్బా మొత్తం వచ్చేస్తుంది. ఇంకో మాట, గాజు గొట్టం సాగదీసి ముక్కలు కోసి పూసలు చేసే పాత పద్ధతికి తిరుపతి దగ్గర పాపానాయుడుపేట పేరున్న ఊరు. మన దగ్గరే అలాంటి ఊరు పెట్టుకుని నేను ఫోన్‌లో ఎక్కడెక్కడివో తెప్పిస్తున్నాను, ఎప్పుడో వెళ్లి చూడాలి.

పాత రివ్యూలో "బెజ్జాలన్నీ ఒకే సైజు" అని రాశాను. అది పూర్తిగా అబద్ధం కాదు. బ్రేస్‌లెట్‌కి ఎలాస్టిక్ ఒక్కసారి దూరితే చాలు కాబట్టి అలా అనిపించింది. పువ్వుల్లో ఒకే పూసలోంచి దారం రెండు మూడు సార్లు వెళ్లాలి, అప్పుడు పదింటికి ఒకటి పదో నంబర్ సూదిని పట్టేస్తుంది, గట్టిగా లాగితే పూస పగులుతుంది, దానికి ముందే అల్లిన పువ్వులన్నీ విప్పాలి. దానికన్నా సన్నగా ఉండే పన్నెండో నంబర్ సూది విడిగా కొనుక్కోండి. "మూత గట్టిగా ఉంది" అని కూడా రాశాను. మా చిన్నాడు సోఫా మీంచి పడేసేవరకు గట్టిగానే ఉంది. ఇప్పటికీ మంచం కింద చీపురు పెడితే పూసలు వస్తాయి. ఇచ్చిన ఎలాస్టిక్ పిల్లల ఉంగరాలకి పర్వాలేదు. తంగూసు దారం ఇంట్లో ఉంటే మెడవాటికి అదే వాడొచ్చు అనుకున్నాను గానీ అది మడతలు పడి పువ్వు తిన్నగా కూర్చోదు. పువ్వులకి అల్లిక నైలాన్ దారమే మెత్తగా వంగుతోంది.

ఇక ఒక స్టారు దగ్గర ఎందుకు ఆగలేదంటే, ఫంక్షన్ అయిన నెలకి పిల్ల ఫోన్ చేసింది. ఆ వెలిసిపోయిన దండని జీన్స్ మీదకి వేసుకుని కాలేజీకి వెళ్లిందట, ఫ్రెండ్స్ ఎక్కడ కొన్నావని అడిగారట. "పిన్నీ, అలాంటివే ఇంకో రెండు చేసివ్వవా, రంగు పోయినవి" అంది. ముందు వెక్కిరిస్తోందనుకున్నాను. వీడియో కాల్‌లో చూస్తే నిజంగానే బాగుంది. వడగళ్లలాంటి రేకులు, మధ్యలో పసుపు, అక్కడక్కడా పూర్తిగా పోని లేత గులాబీ మరక. కొందామంటే నాకు అలాంటి పూస ఎక్కడా దొరకలేదు. దాంతో ఇప్పుడు గులాబీ పూసల్ని గాజు సీసాలో రిమూవర్ పోసి, కిటికీలు తెరిచి, పిల్లాడు స్కూల్లో ఉన్నప్పుడు కదిపి, రంగు దిగిపోయాక సబ్బునీళ్లతో రెండు సార్లు కడిగి ఆరబెట్టి గుచ్చుతున్నాను. కొన్ని తొందరగా తీసేస్తే ఆ మరక ఉంటుంది, అవి కలిపితేనే అందం. ఇంటికొచ్చినవాళ్లు ఇవెక్కడివని అడిగితే పేరు చెప్పడానికి లేదు.

కాబట్టి మూడు. పిల్లలకి వేసవి సెలవుల్లో కాలక్షేపానికి కొంటుంటే ఇంతకంటే ఖర్చు పెట్టక్కర్లేదు. అమ్మడానికి చేసేవాళ్లు, పెళ్లిళ్లకి ఇచ్చేవాళ్లు, ముఖ్యంగా గోదావరి జిల్లాల్లో మేలో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ముద్ద రంగుల వరకే వాడండి. హైదరాబాద్‌లో ఉండే మా తోటికోడలు ఇదే డబ్బాలో గులాబీలతో చెవి జుంకాలు చేసుకుని ఏడాదిగా పెట్టుకుంటోంది, ఏమీ కాలేదంటుంది. ఆవిడకి చెమట తక్కువ, పైగా అవి చెవికి వేలాడేవి, ఒంటికి తగలవు. ఇదే డబ్బా రెండోది నిన్ననే ఆర్డర్ పెట్టాను. అక్కకి ఇంకా చెప్పలేదు.